ఎంపికకు ముందు కప్పిన శాలువా

మొన్న ఆదివారం ఇంగ్రిడ్ మా ఇంటికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఇంకా నిటారుగా నడుస్తుంది. గుమ్మంలోనే బూట్లు విప్పి, రెండూ గోడవారగా సమంగా సర్ది, చేతిలో కాగితపు సంచీతో లోపలికి వచ్చింది. వాళ్ళాయన గెర్డ్ పోయారని చలికాలంలోనే తెలిసింది. చిన్నప్పుడు నాకు ఫుట్‌బాల్ నేర్పిన కోచ్ ఆయన. ఇంగ్రిడ్ ఇల్లు అమ్మేసి జర్మనీ వెళ్ళిపోతోందట, వెళ్ళేలోపు ఎవరి వస్తువులు వాళ్ళకు ఇచ్చేయాలనుకుందట. సంచీలోంచి ఒక శాలువా తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. మెరూన్ రంగు, జరీ అంచు, మన సభల్లో కప్పే రకం. జరీ నల్లబడింది. ఒక మూల చిరిగితే నీలం దారంతో కుట్టి ఉంది. మా నాన్న దాన్ని చూసి, కళ్ళజోడు తెచ్చుకుంటానని లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. కళ్ళజోడు ఆయన చొక్కా జేబులోనే ఉంది.

ఆ శాలువా సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే నాన్న లేచి వెళ్ళిపోతారు. దానివల్లే నాకు రావలసిన టీమ్ రాలేదని ఆయన నమ్మకం. నా నమ్మకమూ అదే. ఎనిమిదో తరగతి పిల్లకు అంతకంటే పెద్ద అన్యాయం లోకంలో ఉండదు కనుక, అది నాతోపాటే పెరిగి పెద్దదైంది. కాలేజీ అప్లికేషన్‌లో జీవితంలో ఎదుర్కొన్న కష్టం గురించి రాయమంటే దాని గురించే రాశాను. కన్నీళ్ళు పెట్టించేలా రాశాను, సీటు కూడా వచ్చింది. ఆ తర్వాత ఎక్కడ వెనకబడినా, ఏ ఉద్యోగం చేజారినా, నా మనసు తిన్నగా నోవై ఊళ్ళోని ఆ గడ్డి మైదానానికే వెళ్ళి, అక్కడ మొదలైందే ఇదంతా అని ఒక మాట అనుకుని తిరిగి వచ్చేది.

మేమప్పుడు అమెరికాలో, అదే నోవైలో ఒక అద్దె టౌన్‌హౌస్‌లో ఉండేవాళ్ళం. నాన్న కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. కార్పెట్‌కు వాసన పట్టుకుంటే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు గొడవ చేస్తాడని అమ్మ వంటింట్లో పోపు పెట్టేది కాదు. గరాజ్‌లో కరెంటు పొయ్యి పెట్టుకుని, చలికాలంలో కోటు వేసుకుని మరీ అక్కడ వేపుళ్ళు చేసేది. మంచు పారలు, కారు టైర్లు, మధ్యలో ఇంగువ వాసన. అయినా ఆ వాసన ఎలాగో తలుపు సందుల్లోంచి వచ్చి మా జాకెట్లలో కూర్చునేది. స్కూల్ బస్‌లో నేను చెయ్యి ఎత్తేదాన్ని కాదు, పక్కవాళ్ళు ముక్కు ఎగరేస్తారని. ఫుట్‌బాల్ మైదానంలో మాత్రం ఆ భయం ఉండేది కాదు. అక్కడ అందరి దగ్గరా చెమట వాసనే.

మా నాన్నకు ప్రపంచంలో ప్రతిదీ ఎంట్రన్స్ పరీక్షే. క్లబ్‌లో మా వయసు పిల్లలకు రెండు టీమ్‌లు ఉండేవి. మొదటి టీమ్ పక్క రాష్ట్రాలు ఒహాయో, ఇండియానా తిరిగి ఆడేది. రెండో టీమ్ చుట్టుపక్కల పార్కుల్లో ఆడేది. ఏటా వేసవి సెలవులకు ముందు పిల్లలందరినీ ఆడించి చూసి ఎంపిక చేసేవారు. ఆ ఏడాది నేను మొదటి టీమ్‌లోకి వెళ్ళి తీరాలని నాన్న నిశ్చయించారు. లైబ్రరీ నుంచి ఆట పుస్తకాలు తెచ్చి, పసుపు మార్కర్‌తో గీతలు గీసి, మ్యాచ్ అయ్యాక ఇంటికొచ్చేదాకా కారులో నాకు పాఠం చెప్పేవారు. ఆయన జన్మలో బంతి తన్నిన మనిషి కాదు. కానీ నాకూ ఆ టీమ్ కావాలి. నీలం చొక్కా మీద తెల్ల చారలుండే ఆ యూనిఫామ్ వేసుకుని స్కూల్‌కు వెళ్ళాలని, నన్ను భోజనం బల్ల దగ్గర ఎవరో పిలిచి కూర్చోబెట్టుకోవాలని ఉండేది. అంతకుమించి ఆ రోజుల్లో నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

గెర్డ్ ఆ క్లబ్‌లో కోచ్‌లందరికీ పెద్ద. ఇంగ్రిడ్‌ను ఆమె కంపెనీ జర్మనీ నుంచి ఇక్కడికి పంపితే ఆమె వెంట వచ్చారు. మనిషి పొడుగు, ఎడమ మోకాలు సరిగా వంగదు, ఎండాకాలంలోనూ మెడదాకా జాకెట్ జిప్పు వేసుకునేవారు. ప్రాక్టీసుకు వచ్చిన ప్రతి పిల్లతోనూ చెయ్యి కలిపేవారు, వెళ్ళేటప్పుడు మళ్ళీ కలిపేవారు. కళ్ళలోకి చూడాలి. అది ఆయన నియమం. పెద్దవాళ్ళ ముందు తల వంచుకోమని ఇంట్లో నేర్పారు కదా, నేను నేలచూపులు చూస్తూ చెయ్యి ఇచ్చేదాన్ని. ఆయన చెయ్యి వదిలేవారు కాదు. నేను తలెత్తేదాకా అలాగే పట్టుకుని, వర్షం పడుతున్నా సరే, ఓపిగ్గా నిలబడేవారు.

ఆ వసంతంలో మా నాయనమ్మ ఒంగోలు నుంచి వచ్చింది. న్యూయార్క్‌లో టవర్లు కూలిన మరుసటి ఏడు. ఎయిర్‌పోర్ట్‌లో ఆవకాయ డబ్బాను మూడు చోట్ల మూత తీయించారని, వాళ్ళందరికీ తుమ్ములొచ్చాయని వచ్చిన దగ్గర్నుంచీ చెప్పుకుని నవ్వేది. ఇంట్లో కూర్చోలేక రోజూ నాతో మైదానానికి వచ్చేది. నేత చీర మీద నాన్న పాత మంచు జాకెట్, తలకు మంకీ క్యాప్, కాళ్ళకు అమ్మ వాకింగ్ షూస్. నాన్న మమ్మల్ని దింపి మళ్ళీ ఆఫీస్‌కి వెళ్ళాలి కనుక మేం అందరికంటే ముందు చేరేవాళ్ళం. గెర్డ్ అప్పటికే వచ్చి నారింజ రంగు కోన్లు సర్దుతుండేవారు. మడత కుర్చీలో కూర్చున్న నాయనమ్మకు ఆయన చెయ్యి చాపితే ఆవిడ రెండు చేతులూ జోడించేది. కొన్నాళ్ళకు ఆయనా జోడించడం మొదలుపెట్టారు.

మా నాయనమ్మ ఎవరినైనా సరే పుట్టుపూర్వోత్తరాలు అడక్కుండా వదలదు. ఇద్దరి మధ్యా నేను దుబాసీని.

“ఏందే వాణీ, ఈ మేష్టారుకి పిల్లలెంతమందో అడుగు.”

“నాయనమ్మా, అట్లా అడగకూడదు ఇక్కడ. ఇట్స్ రూడ్.”

“అడగవే. నేనేమన్నా ఆస్తి రాసియ్యమంటున్నానా?”

నేను సిగ్గుతో చచ్చిపోతూ అడిగేదాన్ని. ఆయన కోన్లు పెట్టడం ఆపి, ఏదో ముఖ్యమైన సమావేశంలో ఉన్నట్టు వచ్చి నిలబడి జవాబు చెప్పేవారు. పిల్లలు లేరు. ఊరు బొగ్గు గనుల ఊరు. తండ్రి గనిలో పనిచేశాడు. తను ఆ ఊరి క్లబ్‌కే డిఫెండర్‌గా ఆడితే మోకాలు విరిగింది. ఆ తర్వాత ఆ క్లబ్‌లోనే చిన్నపిల్లల కోచ్, తర్వాత పెద్ద టీమ్‌కే కోచ్. అడుగున ఉన్న టీమ్‌ను రెండో డివిజన్ దాకా తీసుకెళ్ళారట. ఆ రోజు ఊరంతా వీధుల్లోకి వచ్చిందని చెప్పేటప్పుడు ఆయన చెయ్యి జిప్పు మీద అటూ ఇటూ కదిలింది. ఆ తర్వాత ఆయన్ను మైదానంలోంచి తీసి ఆఫీస్‌లో కూర్చోబెట్టారు. క్లబ్ మేనేజర్. ఏ ఆటగాణ్ణి కొనాలి, ఎవరిని అమ్మాలి, ఏ కోచ్‌ను పెట్టాలి, ఎవరిని తీసేయాలి, అన్నీ ఆయన చేతిలోనే. తనకు పాతికేళ్ళ స్నేహితుడైన కోచ్‌ను తనే పిలిచి, రేపట్నుంచి రావద్దని చెప్పారట.

“మరంత పెద్ద ఉద్యోగం వదిలి ఈడ చంటిపిల్లల్ని ఆడించుకుంటా ఉన్నాడేంది? అడుగు.”

నేను ఈసారి నిజంగా అడగనన్నాను. కానీ ఆవిడ ముఖం చూసి ప్రశ్న ఆయనకు అర్థమైంది. ఒక గడియారం వల్ల, అన్నారు. ఆటగాళ్ళ తరఫున బేరాలాడే ఏజెంటు ఒకడు ఆయన పుట్టినరోజుకు చేతి గడియారం ఇచ్చాడట. గౌరవంగా ఇచ్చాడు, గౌరవంగా తీసుకున్నారు. నెల తర్వాత ఆ ఏజెంటు తెచ్చిన కుర్రాణ్ణి కొన్నారు. మంచి ఆటగాడనే కొన్నారు. వాడు రాణించలేదు. క్లబ్ కింది డివిజన్‌కు జారింది, గడియారం సంగతి పత్రికల్లోకి ఎక్కింది. ఆయన గడియారం తిరిగి ఇచ్చేశారు. “ఆలస్యంగా తిరిగిచ్చింది ఇచ్చినట్టు కాదు” అన్నారు నాతో, ఒక్కో మాటా తూచినట్టుగా. నేను తెలుగులో చెప్పాను. నాయనమ్మ కొంగు ముడి విప్పి ఆయన చేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టింది. ఆయన నిలబడే తిన్నారు.

నేను ఆడేటప్పుడు మాత్రం నాయనమ్మకు బెల్లం గుర్తుండేది కాదు. “నీ ఎడమకాలు ఎవరి మీదన్నా అలిగిందా ఏందే? కుడికాలు ఒక్కటే తిప్పుకుంటా చుట్టూ తిరుగుతున్నావేంది గానుగెద్దులాగా?” అని తెలుగులో గట్టిగా అరిచేది. ఎవరికీ అర్థం కాదు కదా అని నేను వినిపించుకునేదాన్ని కాదు.

ఆ ఏడు నాన్న తెలుగు అసోసియేషన్‌లో కల్చరల్ సెక్రటరీ. మన పండుగలు ఇక్కడ తిథిని బట్టి రావు, హైస్కూల్ ఆడిటోరియం దొరికిన శనివారం నాడు వస్తాయి. ఆ ఏడాది ఉగాది, ఎంపికకు సరిగ్గా వారం ముందు వచ్చింది. వేపపువ్వు బదులు కాకరకాయ వేసిన పచ్చడి, చిన్నపిల్లల డాన్సులు, మైకు గీరడం, అన్నీ మామూలే. మన సభల్లో ఎవరికో ఒకరికి శాలువా కప్పకపోతే సభ అయినట్టు కాదు. ఆ ఏటి గురువు గెర్డ్ అని నాన్న తేల్చారు. క్లబ్‌లో అసోసియేషన్ వాళ్ళ పిల్లలం ఐదారుగురం ఉన్నాం కనుక ఎవరూ కాదనలేదు. గురువును గౌరవించడానికి ముహూర్తం ఏమిటి? ఒంగోలులో మా తాతగారు ఏటా పరీక్షలకు ముందు మేష్టార్లకు అరటిపళ్ళ గెల పంపేవారట. అందులో తప్పుందని తాతకూ తెలియదు, నాన్నకూ తెలియదు.

పిల్లల పండుగని పిలిస్తే గెర్డ్ సూటు వేసుకుని వచ్చారు. ఉన్నట్టుండి స్టేజ్ మీదకు పిలిచారు. నాన్న మైకు పట్టుకుని గురుబ్రహ్మతో మొదలుపెట్టి, జర్మనీలో ఆయన కీర్తి చెప్పి, మెరూన్ శాలువా కప్పి, పళ్ళబుట్ట ఇచ్చి, మెమెంటో ఇచ్చి, పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీయించారు. క్లబ్‌లో పిల్లలున్న అమెరికన్ తల్లిదండ్రులు ఇద్దరు మూడో వరసలో కూర్చుని ఉన్నారు. గెర్డ్ నవ్వుతూనే ఉన్నారు. కానీ ఆయన చెయ్యి శాలువా కింద జిప్పు కోసం వెతుక్కోవడం నేను చూశాను. సూటుకు జిప్పు ఉండదు.

మర్నాడు పొద్దున నాన్న గరాజ్ తలుపు పైకెత్తి మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. ముందురోజు సంబరం ఇంకా దిగలేదు. గెర్డ్ కారు వచ్చి ఆగింది. మడత చెదరని శాలువా, ఒక్క పండు తీయని బుట్ట, మెమెంటో, మూడూ చేతుల్లో పట్టుకుని వచ్చారు.

“రండి కోచ్ గారూ, రండి, వేడి వేడిగా ఉన్నాయి” అన్నారు నాన్న ఇంగ్లీషులో, కోచ్ తర్వాత గారు చేర్చి.

“మిస్టర్ ప్రసాద్, ఇవి నేను ఉంచుకోలేను. వచ్చే శనివారం ఎంపిక.”

“అయ్యో, దానికీ దీనికీ సంబంధం లేదు సర్. ఇది గౌరవం. మా కల్చర్.”

“నాకు తెలుసు. గడియారం కూడా గౌరవమే.”

నాన్నకు గడియారం ఏమిటో తెలియదు. నాకు తెలుసు, నాయనమ్మకు తెలుసు. ఎంపిక రోజు తను మైదానంలో ఉండనని, మిగతా ఇద్దరు కోచ్‌లే చూస్తారని, తను ఒక్క పేరూ చెప్పనని అన్నారు గెర్డ్. అన్నీ పొయ్యి పక్కనున్న వాషింగ్ మెషీన్ మీద పెట్టారు. నాన్నకు చెయ్యి ఇచ్చారు. నాన్న చేతికి శనగపిండి ఉంది. దాన్ని ప్యాంటుకు తుడుచుకునేలోపు ఆయన పిండితోపాటే చెయ్యి కలిపి వెళ్ళిపోయారు. బజ్జీలు మాడుతుంటే అమ్మ వచ్చి స్విచ్ ఆపేసింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర నేను గడియారం కథ చెప్పాను. నాన్న అన్నం వదిలేసి లేచారు. “నన్ను లంచం ఇచ్చేవాడనుకున్నాడా?” అని ఒక్కసారే అన్నారు. మెట్లెక్కుతూ అన్నారు, మాకు వీపు కనిపించేలా.

శనివారం ఎంపిక జరిగింది. గెర్డ్ రాలేదు. నాకు రెండో టీమ్ వచ్చింది. నాన్న అసోసియేషన్ పదవి వదిలేశారు. మైదానానికి రావడం మానేశారు. ఆ తర్వాత నన్ను అమ్మే దింపేది. కారులో పాఠాలు ఆగిపోయాయి. అంతకుముందు ఆ పాఠాలంటే ఎంత విసుక్కునేదాన్నో! ఆ నిశ్శబ్దం వాటికంటే ఘోరంగా ఉండేది. ఒకసారి నన్ను ఎక్కడికో తీసుకెళ్తూ ట్రాఫిక్ లైటు దగ్గర ఆగినప్పుడు నాన్న స్టీరింగ్ వైపు చూస్తూ, “నేను నోరు మూసుకుని ఉంటే నీకు వచ్చేదమ్మా” అన్నారు. పిల్లముందు పెద్దవాడు అంత చిన్నబోవడం నేను అదే మొదటిసారి చూడటం. నాకు గెర్డ్ మీద కోపం వచ్చింది. తన పేరుకు మచ్చ రాకూడదని నా టీమ్ నాకు లేకుండా చేశాడని, మా నాన్నను గరాజ్‌లో నిలబెట్టి తల దించాడని కసి పెంచుకున్నాను. ప్రాక్టీసులో ఆయన చెయ్యి ఇస్తే తలెత్తి సూటిగా కళ్ళలోకి చూసేదాన్ని, ఆ కసితోనే. ఆయన ఎప్పుడూ చూపు తిప్పుకోలేదు.

నాయనమ్మ తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటూ, గరాజ్‌లోంచి ఆ శాలువా తెప్పించింది. దులిపి ఎండలో వేసింది. సాయంత్రం నాతో మైదానానికి వచ్చి, మడత కుర్చీలో కూర్చోకుండా, కోన్లు పెడుతున్న ఆయన దగ్గరికి గడ్డిలో నడుచుకుంటూ వెళ్ళింది.

“ఇప్పుడు తీసుకో బాబూ. ఇప్పుడు మాకు నీతో పనేం లేదు” అంది.

ఆయన నావైపు చూశారు. నేను ఒక్క మాట కూడా మెత్తబరచకుండా ఇంగ్లీషులో చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఆయన ఆ వంగని మోకాలుతోనే, కష్టపడి, పొట్టిదైన మా నాయనమ్మకు భుజాలు అందేలా వంగారు. ఆవిడ శాలువా కప్పింది. ఆయన చెయ్యి చాపారు. జన్మలో పరాయి మగవాడికి చెయ్యి ఇవ్వని మా నాయనమ్మ ఇచ్చింది. తిరిగి వస్తూ నాతో, “ఆయన మీద కోపం చాలించి ఎడమకాలు సంగతి చూసుకో” అంది. నాకు అప్పుడు ఆ మాట పట్టలేదు. ఆవిడ మళ్ళీ అమెరికా రాలేదు.

ఇప్పుడు నేను అదే మైదానానికి మా అమ్మాయిని తీసుకెళ్తున్నాను. ఎంపిక ఫలితం ఫోన్‌లో వస్తుంది. నచ్చని తల్లిదండ్రులు రాత్రికి రాత్రే కోచ్‌కు ఈమెయిల్ కొడతారు. కోచ్‌లు కుర్రవాళ్ళు, ఓపిగ్గా బాగా చెబుతారు. ఎవరూ చెయ్యి కలపరు. వచ్చిన గిఫ్ట్ కార్డులు థాంక్యూ చెప్పి జేబులో వేసుకుంటారు, ఎవరూ తప్పు పట్టరు. మా వంటింట్లో పెద్ద చిమ్నీ ఉంది, పోపు ఇంట్లోనే పెడతాం. నాన్న మాత్రం బజ్జీలు గరాజ్‌లో వేస్తేనే రుచి అని ఒకప్పుడు అనేవారు. గెర్డ్ వచ్చి వెళ్ళిన ఆ ఆదివారం తర్వాత ఆయన మళ్ళీ వేయలేదు.

మొన్న నాన్న చివరికి కళ్ళజోడు పెట్టుకుని వచ్చి ఇంగ్రిడ్ ఎదురుగా కూర్చున్నారు. అమ్మ కాఫీ ఇచ్చింది. శాలువా గెర్డ్ వాడారా అని అడిగారు నాన్న. చలికాలం మ్యాచ్‌లకు మోకాళ్ళ మీద కప్పుకునేవాడని, ఆఖర్న ఆస్పత్రిలోనూ అదే కావాలన్నాడని, నీలం దారం తను కుట్టిందేనని ఇంగ్రిడ్ చెప్పింది. నాన్న తల ఊపి, కప్పు పక్కకు జరిపి, ఇన్నేళ్ళూ దాచుకున్నది అడిగేశారు.

“నేను ఆ సన్మానం చెయ్యకపోతే మా అమ్మాయికి ఆ టీమ్ వచ్చేది కదా?”

మనమైతే అవుననేవాళ్ళం. అక్కడితో అందరికీ సరిపోయేది.

“లేదు” అంది ఇంగ్రిడ్. “ఆ చలికాలంలోనే గెర్డ్ నాతో అన్నాడు. ధైర్యం ఉంది, పట్టుదల ఉంది, ఎడమకాలి ఆట లేదు, ఇంకో ఏడాది కావాలి అని. మీ ఇంటికొచ్చి శాలువా తిరిగిచ్చిన రోజు రాత్రి అతను అన్నం తినలేదు. అమ్మాయి ఇంకా సిద్ధంగా లేదని చెబితే, శాలువా కప్పినందుకు కోపంతో అంటున్నానని ఆ తండ్రి అనుకుంటాడు. సిద్ధంగా ఉందంటే ఊరంతా ఇంకోటి అనుకుంటుంది. ఇక నేను నిజం చెప్పే వీల్లేదు, నన్నే తిట్టుకోనీ అన్నాడు.”

నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది. నా కాలేజీ వ్యాసం, నా ఇన్నేళ్ళ కసి, ఆయన కళ్ళలోకి నేను చూసిన ఆ చూపులు! నాయనమ్మకు తెలుసు. మడత కుర్చీలోంచి రోజూ చూసింది, రోజూ చెప్పింది. అయినా ఆయనకు శాలువా కప్పింది. నాన్న వైపు చూశాను. ఇన్నేళ్ళ బరువు దిగింది కదా, ఇక ఈయన హాయిగా ఊపిరి పీల్చుకుంటారు అనుకున్నాను.

నాన్న టేబుల్ మీది శాలువా అందుకున్నారు. అమ్మ ఇంగ్రిడ్‌కు బొట్టు పెట్టి, జాకెట్ గుడ్డ చేతికిచ్చి, గుమ్మందాకా సాగనంపింది. కారు వీధి మలుపు తిరిగేదాకా నాన్న కిటికీ దగ్గరే నిలబడ్డారు. శాలువా ఆయన చేతిలోనే ఉంది.

“ఆవిడకేం తెలుసమ్మా ఆట సంగతి” అన్నారు నావైపు తిరగకుండా. “నువ్వు బాగా ఆడేదానివి. ఆ టీమ్ నీకు రావలసిందే. నేనే చెడగొట్టాను.”

నా ఎడమకాలి సంగతి చెప్పబోయాను. ఆయన గొంతు విని ఆగిపోయాను.

“అవును నాన్నా” అన్నాను. “బాగానే ఆడేదాన్ని.”